తుపాను పోయిన మూడో రోజే పోర్టు తెరిచామన్నారు, మరి నా మిర్చి పదిహేడు రోజులు ఎందుకు ఆగింది?

ఎనుమాముల_తేజ
పోయిన సీజన్ సంగతి ఇది. ఇప్పటికీ కడుపులో మంట తగ్గలేదు, అందుకే రాస్తున్నా. నాది వరంగల్‌లో చిన్న మిర్చి ఎగుమతి వ్యాపారం, ఏడాదికి పది పన్నెండు కంటైనర్లు. ఏసీ గోదాంలో పెట్టిన తేజ రకం రెండు కంటైనర్లు నింపి మలేషియా పార్టీకి పంపాను. అవి తూర్పు తీరంలో ఒక పోర్టుకు చేరిన రెండు రోజులకే తుపాను వచ్చింది. పోర్టు పేరు రాయను, గొడవ పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. మూడో రోజు టీవీలో కింద స్క్రోలింగ్ వచ్చింది, పోర్టులో పనులు మళ్లీ మొదలయ్యాయని. ఇంట్లో వాళ్లకు చెప్పి ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నా. ఆ తర్వాత రోజూ ఏజెంట్‌కు ఫోన్, రోజూ ఒకటే మాట, "లైన్‌లో ఉంది సార్". పదిహేడో రోజు ఓడ ఎక్కింది. అక్కడ తలుపులు తీస్తే పై వరస బస్తాలకు బూజు. పార్టీ రేటు కోసేశాడు. పోర్టులో స్థలం అద్దె, కంటైనర్ అద్దె వేరే.

నష్టానికి ఓదార్పు వద్దు నాకు. తెరిచాం అంటే అసలు ఏం తెరిచినట్టు? గేటా, ఓడల దారా, క్రేన్లా? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. ఈసారి అక్టోబరు వచ్చేలోపు నాకు ఇది అర్థం కావాలి.

పరకాల_పత్తి
అన్నా, నీకు బూజు పట్టింది, నావి నలభై పత్తి బేళ్లు తడిసి ముద్దయ్యాయి. అదే తుపాను, వేరే పోర్టు. అడిగితే ప్రకృతి వైపరీత్యం అంటారు. గాలి ఆగిపోయింది, ఎండ కూడా వచ్చింది, ఇంక క్రేన్ నడపడానికి ఏం అడ్డం? నా లెక్కలో ఇది నూటికి నూరుపాళ్లు నిర్లక్ష్యం.

గాజువాక_నుంచి_హన్మకొండ
విశాఖలో ముప్పై ఏళ్లు రేవు క్రేన్ల మీద పనిచేశాను. రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి హన్మకొండ వచ్చేశాను. పరకాల బాబుకి కోపం రావడం న్యాయమే, కానీ గాలి ఆగినంత మాత్రాన క్రేన్ నడవదు. అసలు క్రేన్ దాకా రావడానికి ముందు చాలా జరగాలి.

మొదట నీటి కింద ఏముందో తెలియాలి. ఓడ వచ్చే దారిని ఛానెల్ అంటాం. అది సముద్రంలో తవ్విన కాలువ లాంటిది, పైకి కనపడదు. తుపానుకి ఒడ్డు ఇసుక కదిలి అందులో మేట వేస్తుంది. చేపల పడవలు మునిగి ఉంటాయి, తాళ్లు, దుంగలు, ఒక్కోసారి ఖాళీ కంటైనర్లు కూడా. పద్నాలుగు మీటర్ల నీళ్లలోకి మునిగి వచ్చే ఓడకి అడుగున మిగిలే ఖాళీ ఒకటి రెండు మీటర్లే. కింద ఒక ఇనుప ముక్క నిలబడి ఉందనుకోండి, అడుగు చీలుతుంది. ఆ ఓడ ఛానెల్ మధ్యలో కూర్చుందంటే ఇక పోర్టు మొత్తానికి తాళం. అందుకని ముందు చిన్న బోటు మీద సోనార్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం) పెట్టి, పొలం దున్నినట్టు సాలు పక్కన సాలు తిరుగుతూ లోతు కొలుస్తారు. నీటి మీద తేలుతూ దారి చూపించే బోయాలు లంగరు తెగి కొట్టుకుపోయి ఉంటాయి, వాటిని వెతికి తెచ్చి మళ్లీ అక్కడే కట్టాలి. బోయా వంద మీటర్లు జరిగి ఉన్నా ఓడని లోపలికి తెచ్చే పైలట్ దాన్ని నమ్మి ఓడని ఇసుకలోకి ఎక్కించేస్తాడు.

పరకాల_పత్తి
పెద్దాయనా, మీ అనుభవానికి దండం. కానీ కొలవడం ఒక్కరోజు పనే కదా?

గాజువాక_నుంచి_హన్మకొండ
గాలి తగ్గినా అల తగ్గదు బాబూ. రెండు మూడు రోజులు పెద్ద అలలు పొంగుతూనే ఉంటాయి. కొలిచే బోటు పైకీ కిందకీ ఊగుతుంటే లెక్క తప్పు వస్తుంది, నీళ్లలో బురద ఎక్కువైనా అంతే. కొలిచాక మేట ఉందని తేలితే దాన్ని తవ్వి తీసే డ్రెజర్ రావాలి. డ్రెజింగ్ కార్పొరేషన్ ఆఫీసు విశాఖలోనే ఉంది, అయినా డ్రెజర్ ఆ రోజు ఏ పోర్టులో పనిలో ఉందో చూసుకోవాలి.

అందుకే మొదట తెరిచినప్పుడు పగటి పూటే, ఒక్కొక్క ఓడనే, తక్కువ లోతు చాలే వాటినే రానిస్తారు. తేజ బాబు టీవీలో చూసిన మాట అబద్ధం కాకపోవచ్చు. మూడో రోజు పెట్రోలో గ్యాసో తెచ్చిన ఒక ఓడ లోపలికి వచ్చి ఉంటుంది, తెరిచినట్టే లెక్క. మీ కంటైనర్ ఎక్కే ఓడ పెద్దది, దానికి పూర్తి లోతు కావాలి.

ఎనుమాముల_తేజ
ఇది నాకు ఎవరూ చెప్పలేదు సార్. మా ఏజెంట్ కూడా. డ్రాఫ్ట్ (ఓడ ఎంత లోతు మునిగి రావచ్చో ఆ లెక్క) ఎంత ఇచ్చారని అడగాలన్న సంగతే నాకు తెలియదు.

కాజీపేట_లోకో
రైల్వేలో ఉన్నాను కాబట్టి నాకు ఇది వెంటనే అర్థమైంది. 2024 సెప్టెంబరు 1 గుర్తుందా? ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ ఫోటోలు అందరూ చూశారు. వందల మంది వానలో, బురదలో రాత్రీ పగలూ చేస్తే నాలుగో రోజుకు లైన్ మీద బండి కదిలింది. లైన్ క్లియర్ అని పేపర్లో వచ్చింది. కానీ మొదటి బండి ఎట్లా పోతుంది? నడిచే మనిషితో పోటీ పడేంత మెల్లగా. కొత్తగా పోసిన కంకర కుదురుకోవాలి, ఒక్కో బండి పోయాక మళ్లీ చూసుకోవాలి. పూర్తి వేగం రావడానికి ఇంకా రోజులు పడుతుంది. ఇటు ఆగిన బళ్లు, దారి మళ్లించిన బళ్లు, వాటి వెనకాల గూడ్సులు. లైన్ తెరవడానికి నాలుగు రోజులు, టైం టేబుల్ సర్దుకోవడానికి అంతకంటే ఎక్కువ.

ఇంకో సంగతి. తుపాను పోర్టు దగ్గర తీరం దాటినా నీళ్లు మన మీదకే వస్తాయి. 2025 అక్టోబరు చివర మొంథా అప్పుడు డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీద నీళ్లు నిలిచాయి. అదే వానకు భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటింది. పోర్టు మరునాడే తెరిచినా మన వైపు రేక్ (గూడ్సు బండి) కదలకపోతే ఆ ఓడ ఎవరి కోసం?

హంటర్‌రోడ్_వైండింగ్
నేను పోర్టు చూడలేదు. మోటార్లు చూశాను, వేలల్లో. 2023 జూలై వరదకు హంటర్ రోడ్డు మునిగింది కదా, తర్వాత నెల రోజులు నా షాపు ముందు మోటార్లు కుప్పలు. అందులో సగం బతకాల్సినవి. నీళ్లు దిగగానే తొందరపడి స్విచ్ వేశారు, వైండింగ్ కాలిపోయింది. మునిగిన మోటార్‌ను విప్పాలి, కడగాలి, బల్బులు పెట్టో ఓవెన్‌లో పెట్టో ఆరబెట్టాలి, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టి చూడాలి. మామూలు మూడు ఫేజుల మోటార్‌కైనా ఒక మెగా ఓం కూడా చూపించకపోతే కరెంటు ఇవ్వకూడదు. మాది మంచినీళ్ల వరద. పోర్టులో ఉప్పునీళ్లు. ఉప్పు ఆరినా పోదు, లోపలే ఉండి మళ్లీ తేమ పీల్చుకుంటుంది, రాగిని తినేస్తుంది. గాజువాక సార్, క్రేన్ మోటార్లు మునిగితే ఎట్లా చేసేవాళ్లు?

గాజువాక_నుంచి_హన్మకొండ
మీరు చెప్పిందే, కాకపోతే పెద్ద ఎత్తున. ముందు మంచినీళ్లతో కడుగుడే కడుగుడు. టాంకర్ల కొద్దీ. తర్వాత హీటర్లు. పెద్ద క్రేన్ మోటార్ కింద ఉండదు, పైన మెషిన్ రూములో ఉంటుంది, అది బతుకుతుంది. చక్రాల దగ్గర ఉండే మోటార్లు, కేబుల్ చుట్టే డ్రమ్ము, నేల మీద సబ్‌స్టేషన్, ఇవి మునుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో నీళ్లు చేరాయేమో పరీక్ష చేయాలి. పట్టాలు వంగలేదని సర్వేయర్ చూడాలి. వెయ్యి టన్నులకు పైబడ్డ క్రేన్ అది, పట్టా కాస్త కుంగినా కాళ్ల మీద భారం మారిపోతుంది. ఇనుప తాళ్లు ఒక్కో మీటరు చేత్తో తడిమి చూస్తాం. ఆఖర్న బరువు ఎత్తించి పరీక్ష. అప్పుడు గానీ మనిషిని పైకి ఎక్కించం.

హంటర్‌రోడ్_వైండింగ్
పోర్టు మోటారైనా తెస్తే చుడతాను సార్, మా షట్టర్‌లో పట్టాలి అంతే.

నిట్_సివిల్_ఫైనల్
ఈ టాపిక్ మీద పోయిన సెమిస్టర్ సెమినార్ ఇచ్చాను కాబట్టి రెండు ముక్కలు. వైండింగ్ అన్న చెప్పిన ఉప్పునీళ్ల సమస్యే 2012లో న్యూయార్క్, న్యూజెర్సీ పోర్టులో జరిగింది. అక్టోబరు 29న శాండీ తుపాను వచ్చింది, ఉప్పెన నీళ్లు టెర్మినల్స్‌లోకి వచ్చి మోటార్లు, సబ్‌స్టేషన్లు పాడయ్యాయి, అక్కడ దింపి ఉంచిన 15,000కు పైగా కార్లు నీళ్లలో నానాయి. కంటైనర్ ఓడలు మళ్లీ రావడానికి దాదాపు వారం పట్టింది. పెట్రోలు దిగక, ఉన్నది పంపులో పోయడానికి కరెంటు లేక, కారు నంబరు సరి, బేసి లెక్కన రోజు మార్చి రోజు అమ్మారు. అమెరికాలో.

కాజీపేట అన్న చెప్పినదానికి ఉదాహరణ ప్యూర్టోరికో. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను. సాన్ హువాన్ పోర్టు కొద్ది రోజుల్లోనే తెరిచారు, ఓడలు దిగాయి, వేల కంటైనర్లు యార్డులో పేరుకుపోయాయి. ఎందుకంటే లారీలకు డీజిల్ లేదు, రోడ్లు లేవు, డ్రైవర్లకు కబురు పెట్టడానికి ఫోన్లు లేవు. లోపల ఊళ్లలో జనం తిండి కోసం చూస్తున్నారు, తిండి పోర్టులో ఉంది.

పరకాల_పత్తి
తమ్మీ, అమెరికా కథలు బాగున్నాయి. మన దగ్గర టార్పాలిన్ కప్పితే సరిపోయేది కదా, నా బేళ్లకు? అది కూడా సోనార్ పనేనా?

గాజువాక_నుంచి_హన్మకొండ
కాదు. అది మాత్రం ముందే చేయాల్సిన పని, ఎవరు చేయకపోయినా తప్పే. దానికి సాకు చెప్పను. వార్నింగ్ సిగ్నళ్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి, ఎనిమిది నుంచి పది పెను ప్రమాదం, పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని. అయిదు ఎగరేసేసరికే గోదాముల పని అయిపోవాలి. గోదాం రేకులు బిగించడం, సరుకు దిమ్మెల మీదకి ఎత్తడం, ఖాళీ కంటైనర్ల దొంతరలు తగ్గించి కట్టడం, క్రేన్లకు నేలలో పిన్నులు దించి గొలుసులు వేయడం. ఇవి చేసిన చోట నాలుగు రోజుల్లో లేస్తారు. చేయని చోట నెల.

కరీంనగర్_బండ
అయితే ఓడల్ని ఎందుకు బయటికి తరుముతారు సార్? మా గ్రానైట్ దిమ్మెలు సగం ఎక్కించాక ఓడ సముద్రంలోకి పోయింది. సగం ఓడలో, సగం జెట్టీ మీద. తిరిగి వచ్చేసరికి పన్నెండు రోజులు. పోర్టులో కట్టేసి ఉంచితే భద్రం కదా, మనం లారీని షెడ్డులో పెట్టినట్టు.

గాజువాక_నుంచి_హన్మకొండ
లారీ షెడ్డుని కొట్టదు. ఓడ జెట్టీని కొడుతుంది. కట్టిన తాళ్లు తెగితే యాభై వేల టన్నుల ఇనుము అదుపు లేకుండా రేవులో తిరుగుతుంది. లోతు సముద్రంలో ఇంజను నడుపుతూ గాలికి ఎదురు నిలబడితే ఓడకీ మంచిది, రేవుకీ మంచిది. 2020 అక్టోబరులో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు నిలవక విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది, చూడ్డానికి ఊరంతా వెళ్లింది. అది తుపాను కూడా కాదు, వాయుగుండం.

నిట్_సివిల్_ఫైనల్
అదే వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి హైదరాబాద్‌ను ముంచింది.
కట్టు తెగితే ఏమవుతుందో 1991 ఏప్రిల్ 29న చిట్టగాంగ్‌లో చూశారు. ఒక పెద్ద తేలే క్రేన్ తెగిపోయి వెళ్లి కర్ణఫులి నది వంతెనను గుద్దింది, వంతెన విరిగింది. పోర్టుకు సముద్రం వైపూ, నేల వైపూ దారి ఉండాలి కదా మరి.

సుల్తానాబాద్_లెక్కలక్క
రైస్ మిల్లులో అకౌంట్లు చూస్తాను. నాకు ఓడల గురించి కాదు, కాగితాల గురించి తెలుసు. తేజ గారూ, మీది ఎఫ్‌ఓబీనా, లేక ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా అమ్మేవాళ్లే కట్టే సీఐఎఫ్‌నా?

ఎనుమాముల_తేజ
ఎఫ్‌ఓబీ అక్కా. ఇన్సూరెన్స్ పార్టీదే.

సుల్తానాబాద్_లెక్కలక్క
అదే అనుకున్నా. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కేదాకా నష్టం వస్తే ఆ బరువు మీది. పార్టీ పాలసీ మీకు పనికిరాదు. వరంగల్ గోదాం నుంచి ఓడ దాకా మీరు వేరే పాలసీ తీసుకోవాలి, ప్రీమియం పెద్ద మొత్తం కాదు. తీసుకున్నా క్లాజులు చదవండి. ఏ, బీ, సీ అని మూడు రకాలు. చవకగా వస్తుందని అందరూ సీ తీసుకుంటారు. గోదాంలోకో కంటైనర్‌లోకో సముద్రపు నీళ్లు వస్తే సీలో రాదు, బీ, ఏలలో వస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఆలస్యం వల్ల కలిగిన నష్టం దేనిలోనూ రాదు. తుపాను వల్లే ఆలస్యమైనా సరే, ఆ ఆలస్యం వల్ల బూజు పట్టిందని తేలితే క్లెయిమ్ పోతుంది. నీళ్లు పడి బూజు పట్టిందా, ఊరికే నిలవ ఉండి పట్టిందా అనేదే గొడవ అంతా. కంటైనర్ తలుపు రబ్బరు దగ్గర తడి గుర్తు ఉంటే ఆ రోజే ఫోటో తీయించి సర్వేయర్‌ను పిలవాలి. పార్టీ ఊళ్లో తెరిచాక పిలిస్తే ఏం లాభం?

పరకాల బాబూ, మీ బేళ్లు వానకు తడిశాయా, ఉప్పెన నీళ్లకా?

పరకాల_పత్తి
రేకు ఎగిరిపోయి వానకు. నాది ఏ పాలసీయే అక్కా, క్లెయిమ్ వేశాను, ఇంకా నడుస్తోంది. మొన్న సర్వేయర్ మళ్లీ బేళ్ల లెక్కలు అడిగాడు. గాజువాక పెద్దాయన టార్పాలిన్ విషయంలో తప్పు ఒప్పుకున్నారు కాబట్టి నా కోపం సగం తగ్గింది. మిగతా సగం క్లెయిమ్ వచ్చాక తగ్గుతుంది.

జమ్మికుంట_ఎరువులు
అందరూ బయటికి పోయే సరుకు గురించే మాట్లాడుతున్నారు. లోపలికి వచ్చేదాని సంగతి? యూరియా ఓడ కాకినాడకో, గంగవరానికో, విశాఖకో రావాలి, అక్కడ బస్తాలు కుట్టి రేక్ ఎక్కించాలి, ఆ రేక్ మన దగ్గరికి రావాలి. 2025 వానాకాలంలో సొసైటీల ముందు రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డది చూశాం. తుపాను ఏమీ లేకుండానే అంత తిప్పలు. పోర్టు వారం ఆగితే నాటేసిన పొలం వారం ఆగదు. నా మాట ఒక్కటే, తెరిచిన రోజు మొదటి ఓడ ఎరువులది అయి ఉండాలి, మిర్చీ గ్రానైటూ తర్వాత.

కరీంనగర్_బండ
ఇదే వాదన ప్రతిసారీ. బండ కుళ్లదు కాబట్టి ఆఖర్న నిలబెడతారు. కుళ్లదు నిజమే, కానీ బ్యాంకు వడ్డీ కుళ్లకుండా పెరుగుతుంది కదా. క్వారీలో నా దగ్గర అరవై మంది. ఓడ రాకపోతే దిమ్మె పోదు, దిమ్మె పోకపోతే పైసలు రావు, శనివారం కూలి ఎక్కడి నుంచి తేవాలి?

జమ్మికుంట_ఎరువులు
నీ అరవై మందీ తినేది ఆ పొలంలో పండిందే అన్నా.

కరీంనగర్_బండ
ఒప్పుకుంటా. నేను ముందు పెట్టమనడం లేదు, ఎన్నో నంబరో చెప్పమంటున్నా. పదకొండో నంబరు అని మొదటి రోజే చెప్తే పన్నెండు రోజులకు సరిపడా అప్పు ముందే తెచ్చుకుంటా. రేపు, రేపు అంటే చచ్చిపోతాం.

గాజువాక_నుంచి_హన్మకొండ
బండ బాబు అన్నది నూటికి నూరుపాళ్లు కరెక్టు. వరస మామూలుగా ఇలా ఉంటుంది: ఇంధనం, సహాయ సామగ్రి, తిండి, ఎరువులు, కరెంటు ప్లాంట్లకు బొగ్గు, తర్వాత మిగతావి. అది తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు.

సుల్తానాబాద్_లెక్కలక్క
బియ్యం గురించి కూడా ఒక మాట. 2025 మార్చి 31న మన రాష్ట్రం నుంచి ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల బియ్యం కాకినాడ నుంచి వెళ్లింది. కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా సముద్రంలో నిలబడుతుంది, బస్తాలు బార్జీల (సరుకు మోసే చదును పడవల) మీద వెళ్తాయి. అక్కడ హోప్ ఐలాండ్ అడ్డం ఉంది కాబట్టి మామూలు రోజుల్లో నీళ్లు నెమ్మదిగానే ఉంటాయి. కానీ చినుకు పడితే ఓడ మూత తీయరు, బియ్యం కదా. అంటే జెట్టీ బాగున్నా, కరెంటు ఉన్నా, మబ్బు పోయేదాకా పని లేదు. ఎగుమతి చేసేవాళ్లు తమ సరుకు ఏ రకం పోర్టులో ఎట్లా ఎక్కుతుందో కనీసం ఒకసారి వెళ్లి చూడాలి. నేను వెళ్లి చూశాకే మా ఓనర్‌తో వాదించడం మొదలుపెట్టాను.

ఖిలా_వరంగల్_టీచర్
ఇంతసేపు చదువుతూ కూర్చున్నాను, ఒకటి చెప్పకుండా ఉండలేను. తుపాను, ఓడ, వ్యాపారి నష్టం, ఈ మూడింటి మీద మన ఓరుగల్లు రాజు శాసనమే వేయించాడు. గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం, 1244-45. మోటుపల్లి చీరాల దగ్గర, అప్పట్లో కాకతీయుల రేవు. పూర్వం రాజులు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, బలవంతంగా లాక్కునేవాళ్లు, మేం మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అని అందులో రాయించాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా అక్కడే చెక్కించాడు. బండ గారు అడుగుతున్నది అదే కదా, ముందే చెప్పండి అని.

పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు సముద్రం మనకు చాలా దూరం టీచర్ అంటారు. ఇకనుంచి తేజ గారి మిర్చి సంగతి చెప్తాను.

కరీంనగర్_బండ
టీచర్ గారూ, ఆ శాసనం ఫోటో ఉంటే పెట్టండి. మా అసోసియేషన్ ఆఫీసులో గోడకు కట్టిస్తా. గ్రానైట్ మీద చెక్కిస్తా కావాలంటే, దిమ్మె నాది.

పోర్టు_హమాలీ_కొడుకు
ఒకటి అందరూ మర్చిపోయారు. మా నాన్న హమాలీ, మాది మహబూబాబాద్ వైపు, పని కోసం తీరానికి పోయి అక్కడే ఉండిపోయాడు. తుపాను మరునాడు పనికి రమ్మన్నారు. మా ఇంటికి పైకప్పు లేదు. అమ్మ, చెల్లి బడిలో ఉన్నారు. నాన్న రెండు రోజులు పోలేదు, మూడో రోజు పోయాడు. పోర్టు ఆలస్యం అంటే అందులో మా రెండు రోజులు కూడా ఉన్నాయి.

గాజువాక_నుంచి_హన్మకొండ
బాబూ, నువ్వు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. పొద్దున గాలి, మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం, తుపాను కన్ను మా నెత్తి మీద నుంచే పోయింది. అయిపోయిందనుకుని మా పక్కింటాయన బయటికి వచ్చాడు. నేను అరిచి లోపలికి లాగాను. తర్వాత గాలి అటు వైపు నుంచి వచ్చింది, మొదటిదాని కంటే గట్టిగా. మరునాడు గాజువాక నుంచి రేవుకి నడిచే వెళ్లాను, రోడ్డు కనపడలేదు, చెట్ల మీద నుంచే నడక. కరెంటు లేదు, ఫోన్ లేదు. షిఫ్టులో సగం మంది కూడా రాలేదు. రానివాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. వచ్చినవాళ్లం మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని ముందు అడిగాం, క్రేన్ సంగతి తర్వాత.

నిట్_సివిల్_ఫైనల్
2005లో కత్రినా తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో కూడా పోర్టు పనివాళ్ల ఇళ్లే పోయాయి. అప్పుడు ప్రభుత్వ ఓడల్ని తెచ్చి రేవులో కట్టి, పనివాళ్లకు వాటిలోనే పడక, భోజనం ఏర్పాటు చేశారు. పోర్టు తిరిగి లేవడంలో దానికి పెద్ద వాటా ఉంది. నా సెమినార్‌లో ఇది ఒక లైనులో రాసి వదిలేశాను. హమాలీ కొడుకు పోస్ట్ చదివాక అది మొదటి పేజీలో ఉండాల్సిందని అనిపిస్తోంది.

పోర్టు_హమాలీ_కొడుకు
మాకు అట్లాంటిది ఏదీ లేదన్నా. ఒక పూట బియ్యం, పప్పు ఇచ్చారు. కుటుంబాన్ని పెట్టడానికి ఒక గట్టి కప్పు ఉన్న గోదాం చూపించి ఉంటే నాన్న మరునాడే పోయేవాడు, పని అంటే ఆయనకు ప్రాణం.

పరకాల_పత్తి
తమ్మీ, మొదట్లో నిర్లక్ష్యం అని రాసింది మీ నాన్న లాంటివాళ్లను కాదు. ఆ మాట వాళ్లకు తగిలి ఉంటే వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడు ఎట్లా ఉన్నారు?

పోర్టు_హమాలీ_కొడుకు
బాగున్నాడు అన్నా. స్లాబ్ వేసుకున్నాం.

ఎనుమాముల_తేజ
రెండు రోజులుగా అన్నీ మళ్లీ మళ్లీ చదివాను. ఈ ఏడు ఇట్లా చేద్దామనుకుంటున్నా, తప్పయితే చెప్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినగానే కంటైనర్ నింపను, సరుకు ఇక్కడే ఏసీలో ఉంచుతా. నాలుగు రోజులు ఎక్కువ అద్దె పోతే పోయింది. తుపాను తర్వాత ఏజెంట్‌ను "తెరిచారా" అని అడగను. డ్రాఫ్ట్ ఎంత ఇచ్చారు, రాత్రి ఓడలు నడుస్తున్నాయా, నా ఓడ ఎన్నో నంబరు, లైన్ మీద రేక్‌లు కదులుతున్నాయా, ఈ నాలుగే అడుగుతా. లెక్కలక్క చెప్పిన పాలసీ తీసుకుంటా, ఏ రకమే.

గాజువాక_నుంచి_హన్మకొండ
యార్డులో కరెంటు వచ్చిందా అని కూడా అడగండి. ఇంకొకటి, కంటైనర్ లోపల పై భాగంలో తేమ పీల్చే సంచులు వేలాడదీయండి. పగలు ఎండకి, రాత్రి చలికి కంటైనర్ పైకప్పు లోపల చెమట పడుతుంది, అదే పై వరస మీద కారుతుంది. మీ బూజు పై వరసకే పట్టిందన్నారు కాబట్టి నాకు అనుమానం అదే. సముద్రపు నీళ్లయితే కింద వరసకి పట్టేది.

ఎనుమాముల_తేజ
సార్, ఈ ఒక్క ముక్క పోయిన సీజన్‌లో తెలిసి ఉంటే! అట్టలు పరిచాను గానీ సంచులు వేలాడదీయలేదు. ఎన్ని వేయాలి, ఎక్కడ కట్టాలి, మీరు చూపిస్తారా? సోమవారం ఒక కంటైనర్ నింపుతున్నా. హన్మకొండ నుంచి బండి పంపిస్తా.

గాజువాక_నుంచి_హన్మకొండ
బండి వద్దు, మా అల్లుడు దింపుతాడు. పొద్దున్నే పెట్టుకోండి, ఎండెక్కాక ఆ ఇనుప డబ్బాలో నేను నిలబడలేను.

హంటర్‌రోడ్_వైండింగ్
సోమవారం నేనూ వస్తా. క్రేన్ మోటార్ల గురించి ఇంకా అడగాల్సినవి ఉన్నాయి.